పాత పాక్-మాన్ మెషిన్ బాగుచేస్తానంటున్న మా అల్లుడికి

ఒరేయ్ అల్లుడూ,

నువ్వు పంపిన ఫొటోలన్నీ జూమ్ చేసి మరీ చూశాను. అడుగున చెక్క నీళ్లు తాగి ఉబ్బిపోయింది, పక్కల బొమ్మ మీద ఎవరో నల్ల పెయింట్ పూసేశారు, పవర్ కార్డ్ తెగి వేలాడుతోంది, వెనక తలుపు లేనే లేదు. ఐనా నాకు సంతోషంగానే ఉందిరా, ఎందుకంటే లోపల ఆటని నడిపే సర్క్యూట్ బోర్డు ఉంది, మానిటర్ ఉంది, వైరింగ్ ఎవరూ కత్తిరించలేదు. ఆ మూడూ ఉన్నాయంటే ఇక మిగిలింది ఓపికే. 1980లో నామ్కో వాళ్లు తెచ్చిన, నాణెం వేసి ఆడే వీడియో గేమ్, అమెరికాలో మిడ్‌వే వాళ్లు కేబినెట్ కట్టి అమ్మింది, ఇన్నేళ్ల తర్వాత ఇలా చేతికి దొరకడం మామూలు విషయం కాదు.

ఒక్క మాట ముందే చెప్తాను, మిగతాదంతా దాన్నిబట్టే ఉంటుంది. వెనక్కి తీసుకోలేని పని ఏదున్నా దాన్ని చివరికి పెట్టుకో. దుమ్ము తుడవడం, ఫొటో తియ్యడం, మల్టీమీటర్ పెట్టి వోల్ట్లు, కనెక్షన్లు చూడటం ఎన్నిసార్లైనా చెయ్యొచ్చు, ఏం పోదు. ప్లగ్ పెట్టి స్విచ్ వెయ్యడం, శాండ్ పేపర్ పట్టడం, వైరు కొయ్యడం, కొత్త రంధ్రం వెయ్యడం, ఇవి ఒక్కసారి చేస్తే అంతే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు సరిగ్గా ఉల్టా చేస్తారు, ఇంటికి తేగానే ప్లగ్ పెట్టి చూస్తారు, వెలగకపోతే లోపలివన్నీ పీకేసి కంప్యూటరూ ఎల్‌సీడీ స్క్రీనూ పెట్టేస్తారు. నువ్వలా చెయ్యవనే నా నమ్మకం.

కాబట్టి ప్లగ్ సంగతి ఇప్పుడు మర్చిపో. మాస్క్ పెట్టుకుని, గ్లవ్స్ వేసుకుని లోపల శుభ్రం చెయ్యి, ఎలుకల పెంటికలు కనపడితే పొడిగా ఊడ్వకు, తడిపి గుడ్డతో తియ్యి, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళ్తే జబ్బు చేస్తుంది. శుభ్రం చేస్తూ చేస్తూ ప్రతి కనెక్టర్‌కీ ఫొటో తీసుకో, ఏ రంగు వైరు ఏ పిన్‌కి వెళ్తోందో కనపడేలా, తర్వాత రాత్రిపూట బుర్ర పనిచెయ్యనప్పుడు ఆ ఫొటోలే దిక్కు. ఊడిన స్క్రూలు, విరిగిన ముక్కలు, పెచ్చులూడిన స్టిక్కర్ ముక్క కూడా పారెయ్యకు, కవర్లో వేసి ఎక్కడిదో రాసిపెట్టు. అడుగున చిల్లర డబ్బాలో కూడా చెయ్యి పెట్టి వెతుకు, చాలా మెషిన్లలో తాళం చెవులు అక్కడే పడి ఉంటాయి.

తర్వాత కరెంటు. అసలు పని ఇక్కడే ఉంది. వెనకున్న ప్లేట్ మీద ఎన్ని వోల్ట్లని రాసుందో చూడు, 120 అని ఉండి మీ గోడలో వచ్చేది 230 అయితే వోల్టేజ్ తగ్గించే స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా తాకొద్దు. తెగిన కార్డ్‌కి టేపు చుట్టి వాడకు, ఎర్త్ ఉన్న మూడు పిన్నుల కొత్త కార్డ్ వెయ్యి, ఆ ఎర్త్ వైరు కాయిన్ డోర్‌కీ, కంట్రోల్ ప్యానెల్ ఇనుముకీ, మానిటర్ ఫ్రేమ్‌కీ కలిసి ఉందో లేదో మీటర్‌తో చూడు, ఆట ఆడేవాడి చేతులు ఉండేది ఆ ఇనుము మీదే కదా. ఫ్యూజులు తీసి చూడు, పాత యజమానులు ఎక్కువ ఆంపియర్లది వేసి ఉంటారు, కొందరైతే రేకు చుట్టి ఉంటారు. మాన్యువల్‌లో రాసిన విలువే వెయ్యి, ఒక్క ఆంపియర్ కూడా పెంచకు. ఎలుక కొరికిన వైర్లు ఉంటే ఆ ముక్క మాత్రం మార్చు, అదే రంగు వైరుతో.

ఇవన్నీ అయ్యాక కూడా నేరుగా పెట్టకు. బోర్డు కనెక్టర్ తీసెయ్యి, మానిటర్ కనెక్టర్ తీసెయ్యి, మెయిన్ లైన్‌లో ఫిలమెంట్ బల్బు ఒకటి సిరీస్‌లో పెట్టి అప్పుడు స్విచ్ వెయ్యి. బల్బు ఒకసారి వెలిగి మసకబారితే మంచిదే, ఫుల్లుగా వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్ ఉన్నట్టు, వెంటనే ఆపు. ఈ బల్బు పద్ధతి పాత రేడియో మెకానిక్కులది, దానివల్ల బతికిన ట్రాన్స్‌ఫార్మర్లకి లెక్కే లేదు.

ఇక బోర్డు. ఈ పాక్-మాన్‌లో ఒక విచిత్రం ఉంది, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఏసీ నేరుగా బోర్డు మీదకే వస్తుంది, 5 వోల్ట్లు తయారయ్యేది బోర్డు మీదే. ఆ కరెంటంతా బోర్డు అంచుకి తొడిగే 44 పిన్నుల ఎడ్జ్ కనెక్టర్‌లోంచే పోవాలి కాబట్టి ఏళ్ల తరబడి వేడెక్కి ఆ పిన్నులు నల్లగా మాడిపోతాయి. నీ ఫొటోలో కూడా ఒక చివర నలుపు కనపడుతోంది, చాలావరకు ఇదే అయ్యుంటుంది. బోర్డు అంచున రాగి వేళ్లని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడువు, చిలుము మొండిగా ఉంటే పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దు, అంతకంటే గరుకుది వద్దు. కనెక్టర్ వైపు మాడిన పిన్నులు శుభ్రం చేసి లాభం లేదు, వాటిలో స్ప్రింగ్ బిగువు చచ్చిపోయి ఉంటుంది, కొత్తవి వైరుకి నొక్కి బిగించి (క్రింప్ చేసి) వెయ్యి. ఎంత శుభ్రం చేసినా ఆ పాత పిన్నులు మళ్లీ వేడెక్కుతాయి, మళ్లీ మాడతాయి.

సాకెట్లలో ఉన్న చిప్పుల్ని ఒక్కొక్కటే పైకి లేపి మళ్లీ నొక్కు, కాళ్లు వంగకుండా చూసుకో, కాళ్ల మీద నల్లగా పేరుకుంటే తుడువు. ముఖ్యంగా రెండు చిన్న డాటర్ బోర్డులు సాకెట్లలో గుచ్చి ఉంటాయి, అవి కదిలిపోయి ఉంటే స్క్రీన్ మీదంతా చెత్త కనపడుతుంది, బోర్డు చచ్చిపోయిందనుకుని పక్కన పడేస్తారు పాపం. ఆట ప్రోగ్రామ్ దాచే చిప్పులు, పైన చిన్న గాజు కిటికీ ఉన్న ఈప్రామ్‌లు, వాటి మీద స్టిక్కర్ ఊడిపోతే కొత్తది అంటించు, ఎండ అదేపనిగా తగిలితే లోపలి ప్రోగ్రామ్ మెల్లగా చెరిగిపోతుంది.

బోర్డు పెట్టి పవర్ ఇచ్చాక మీటర్‌ని నేరుగా జెడ్80 చిప్పు (ఆటని నడిపే ప్రాసెసర్) మీదే పెట్టి కొలువు, 11వ పిన్ 5 వోల్ట్లు, 29వ పిన్ గ్రౌండ్. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర సరిగ్గా ఉండి చిప్పు దగ్గర తక్కువ ఉంటే మధ్యలో కనెక్టర్ తినేస్తోందన్నమాట. 4.75 నుంచి 5.25 లోపల ఉండాలి, తగ్గితే ఆట రీసెట్ అవుతూ ఉంటుంది, మరీ పెరిగితే చిప్పులు పోతాయి. పవర్ ఇచ్చిన కాసేపు పిచ్చి అక్షరాలు, తర్వాత గళ్లు గళ్లుగా గ్రిడ్ కనపడితే కంగారు పడకు, అది అలాగే మొదలవుతుంది. టెస్ట్ స్విచ్ వేస్తే మెమరీ ఓకే అని వస్తే సగం గెలిచినట్టే, ర్యామ్ బ్యాడ్ అని వస్తే ఏది పోయిందో అదే చెప్తుంది, ఆ మాట నమ్మి అక్కడి నుంచి వెతుకు.

మానిటర్ గురించి మాత్రం నేను చెప్పేది చాలా జాగ్రత్తగా చదువు. పిక్చర్ ట్యూబ్ యానోడ్ (రబ్బరు కప్పు కింద ఉండే కనెక్షన్) దగ్గర 20,000 వోల్ట్ల ప్రాంతంలో ఉంటుంది, ప్లగ్ తీసేశాక కూడా ట్యూబ్‌లో ఆ చార్జ్ చాలాసేపు నిలిచే ఉంటుంది. కాబట్టి ముందు ప్లగ్ పీకేసి, చేతి ఉంగరం గడియారం తీసేసి, కళ్లకి గాగుల్స్ పెట్టుకుని, మంచి ప్లాస్టిక్ పిడి ఉన్న పొడుగాటి స్క్రూడ్రైవర్‌కి వైరు క్లిప్ చేసి, ఆ వైరు రెండో చివర ట్యూబ్ వెనక అల్లినట్టుండే గ్రౌండ్ వైరుకో మానిటర్ ఇనప ఫ్రేమ్‌కో బిగించి, ఒక చెయ్యి జేబులో పెట్టుకుని, రెండో చేత్తో రబ్బరు కప్పు కిందకి స్క్రూడ్రైవర్ మొన జరిపి లోపలి ఇనుముకి తగిలించు. టప్ మంటుంది, ఒక్కోసారి ఏమీ అనదు. కొన్ని నిమిషాలు ఆగి మళ్లీ చెయ్యి, ఎందుకంటే చార్జ్ కొంచెం కొంచెంగా తిరిగి పేరుకుంటుంది. ట్యూబ్ మెడ సన్నగా ఉంటుంది, దానికి దెబ్బ తగిలి విరిగితే గాలి లోపలికి పోయి ట్యూబ్ అక్కడితో సరి. ట్యూబ్ చార్జ్ తీశానని మానిటర్ బోర్డు మీద చార్జ్ దాచుకునే పెద్ద ఫిల్టర్ కండెన్సర్‌ని మర్చిపోకు, దానిలో ఎంత మిగిలిందో మీటర్‌తో చూశాకే చెయ్యి పెట్టు. ఒంటరిగా ఉన్నప్పుడు, నిద్ర వస్తున్నప్పుడు ఈ పని ముట్టుకోవద్దు, ఇందులో బతిమాలినా నేను తగ్గను. ఇంకోటి, ఈ మానిటర్లకి మెయిన్స్ నుంచి వేరుచేసే ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండి తీరాలి, బయటపెట్టి టెస్ట్ చేస్తానని నేరుగా మెయిన్స్‌కి కలిపితే చాసిస్ (మానిటర్ బోర్డు, దాని ఇనప ఫ్రేమ్) అంతా లైవ్ అవుతుంది.

రిపేర్ విషయానికొస్తే ఇన్నేళ్లకి ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లు లోపల ఇగిరిపోయి ఉంటాయి. బొమ్మ అలలు అలలుగా ఊగడం, కుంచించుకుపోవడం, ఒక అంచున మడత పడటం, ఇవన్నీ దాని లక్షణాలే. మొత్తం సెట్ కొని ఒకటి పీకి ఒకటి వెయ్యి, అన్నీ ఒకేసారి పీకేసి కూర్చోకు, ప్లస్ మైనస్ చూసుకో, 105 డిగ్రీల వేడి తట్టేవి కొను, వోల్టేజ్ పాతదాని అంతో ఎక్కువో ఉండాలి. దానితోపాటు కనెక్టర్ పిన్నుల మొదట్లో సోల్డర్ చుట్టూ సన్నటి ఉంగరంలా పగులు కనపడితే అది డ్రై సోల్డర్, మళ్లీ వేడిచేసి పుయ్యి, సగం మానిటర్లు దీనికే లేచి కూర్చుంటాయి. బొమ్మ బదులు ఒక్క గీతే వస్తోందంటే వర్టికల్ సెక్షన్ (బొమ్మని పైనుంచి కిందకి పరిచే భాగం) పోయినట్టు, కానీ పాక్-మాన్‌లో మానిటర్‌ని పక్కకి తిప్పి బిగిస్తారు కాబట్టి ఆ గీత నీకు నిలువుగా కనపడుతుంది, చూసి హారిజాంటల్ అనుకుని తప్పు చోట వెతికేవు. గీత కనపడగానే బ్రైట్‌నెస్ తగ్గించు, లేకపోతే ట్యూబ్ మీద అక్కడే కాలిపోయి మచ్చ మిగిలిపోతుంది. ఆట ఆపేసినా ఆటలోని చిక్కుదారుల గోడలు స్క్రీన్ మీద లీలగా కనపడుతుంటే అది కాలిన మచ్చే, అది పోదు, ఆడేటప్పుడు అసలు బొమ్మ దాని మీదే పడుతుంది కాబట్టి పెద్దగా తెలియదు కూడా, నా మాట విని అలాగే ఉంచు.

జాయ్‌స్టిక్ చిన్న పనే. లోపల లీఫ్ స్విచ్‌లు ఉంటాయి, రెండు రేకుల మధ్య ఆల్కహాల్‌లో ముంచిన మందపాటి కాగితం పెట్టి లాగితే శుభ్రమైపోతుంది, గరుకు కాగితం మాత్రం పెట్టకు. మార్చాల్సి వస్తే నాలుగు దిక్కులదే వెయ్యి, ఎనిమిది దిక్కులది వేస్తే మలుపుల దగ్గర బొమ్మ ఆగిపోతూ ఆడేవాడికి చిరాకొస్తుంది. కొత్త బటన్ల కోసం ప్యానెల్‌కి రంధ్రాలు వెయ్యమని ఎవరైనా సలహా ఇస్తే వినకు.

చెక్క పని అందరూ ముందు మొదలుపెడతారు కానీ నువ్వు ఆఖర్న పెట్టుకో, మెషిన్ పనిచేస్తోందని తెలిశాక చేతికి ఓపిక తనంతట అదే వస్తుంది. ఉబ్బిన అడుగు బాగా ఆరనివ్వు, త్వరగా ఆరాలని ఎండలో పెట్టకు, వంకర పోతుంది. ప్లైవుడ్ పొరలు విడిపోయుంటే మధ్యలోకి వుడ్ గ్లూ ఎక్కించి క్లాంపులతో బిగించి వదిలెయ్యి, మూలలు రాలిపోతే రెండు భాగాల ఎపాక్సీ ఫిల్లర్‌తో కట్టు. పార్టికల్ బోర్డు అయ్యి అటుకుల్లా ఉబ్బిపోతే అది మళ్లీ గట్టిపడదు, పాడైనంత మేరకే తిన్నగా కోసి, రెండో పక్క పలకని అచ్చుగా పెట్టుకుని చెక్క అంచులు కోసే రౌటర్ మెషిన్‌తో అదే మందం ముక్క చేసి అతుకు వెయ్యి. మొత్తం పలక మార్చేస్తే పక్క బొమ్మ పోతుంది, అందుకే చెప్తున్నా.

ఆ నల్ల పెయింట్ కింద అసలు పసుపు, ఆ బొమ్మ ఇంకా ఉండే అవకాశం ఉంది. పెయింట్ రిమూవర్ పోసేస్తే పైదీ పోతుంది కిందదీ పోతుంది. కనపడని మూల ఒక చిన్న చోట ముందు చూడు, హీట్ గన్ తక్కువ వేడిలో పెట్టి ప్లాస్టిక్ స్క్రేపర్‌తో పొర పొరగా లేపు, అసలు రంగు లేవడం మొదలైతే ఆపి వేరే దారి చూద్దాం. బయటపడినంత బొమ్మని స్కేల్ పక్కన పెట్టి ఫొటో తియ్యి, ట్రేసింగ్ పేపర్ మీద గీతలు ఎక్కించుకో, ఎప్పుడైనా కొత్తగా వెయ్యాల్సొచ్చినా నీ దగ్గర కొలతలుంటాయి. నన్నడిగితే అక్కడక్కడా గీతలు పడి వెలిసిపోయిన అసలు బొమ్మే కొత్త స్టిక్కర్ కంటే మేలు. పైన పేరున్న మార్కీ, స్క్రీన్ ముందు గాజు, వీటి వెనక వైపు రంగు ప్రింట్ ఉంటుంది, ఆ వైపు క్లీనర్ స్ప్రే కొట్టకు, పెచ్చులు పెచ్చులుగా ఊడొస్తుంది. మెత్తటి పొడి బ్రష్ చాలు. మార్కీ వెనక ట్యూబ్‌లైట్ బదులు ఎల్ఈడీ పెట్టుకో, వేడి తగ్గుతుంది, రంగులు వెలిసిపోవు, పాత ట్యూబ్‌లైట్ పట్టీ మాత్రం దాచి ఉంచు.

ఒకవేళ బోర్డు నిజంగానే లేవకపోతే ఇంకో బోర్డు అడాప్టర్‌తో పెట్టుకోవచ్చు, వైరింగ్ మాత్రం కొయ్యకు, పాత బోర్డు యాంటీ-స్టాటిక్ కవర్లో పెట్టి కేబినెట్ లోపలే అడుగున ఉంచు, ఎవరో ఒకరు దాన్ని లేపుతారు.

ఈ వారం నువ్వు శుభ్రం చెయ్యడం, ఫొటోలు తియ్యడం వరకే పెట్టుకో. మానిటర్ చాసిస్ మీద స్టిక్కర్ ఉంటుంది, అక్కడ మోడల్ పేరు కె4600 అనో జీ07 అనో రాసుంటుంది, అది దగ్గరగా ఫొటో తీసి పంపు, ఏ కండెన్సర్ సెట్ కొనాలో దాన్ని చూశాకే చెప్తాను. జీ07 అయితే ఫ్లైబ్యాక్ (ట్యూబ్‌కి ఆ వేల వోల్ట్లు తయారుచేసే ట్రాన్స్‌ఫార్మర్) కూడా ఒకటి కొనిపెట్టుకోవాల్సి రావచ్చు.

ఉంటాను,
మీ మావయ్య