కుమ్ అస్తుయిత్‌కి పిల్లలతో వెళ్ళొచ్చా?

సందేహం: బ్రిటన్‌లోని వేల్స్‌లో ఉన్న అబరిస్ట్‌విత్‌కి ఉద్యోగం మీద వచ్చి మూడు నెలలైంది. సెలవు రోజున బీచ్ తప్ప ఇంకేమీ తోచడం లేదు. పిల్లలతో చూడదగ్గవి దగ్గర్లో ఏమున్నాయి?

కారుంటే కుమ్ అస్తుయిత్‌కి వెళ్ళండి, గంట పట్టదు. 'కుమ్' అంటే ఇక్కడి వెల్ష్ భాషలో లోయ. అందులో పారే అస్తుయిత్ ఏరే మీ ఊరి దగ్గర సముద్రంలో కలుస్తోంది.

కుమ్ అస్తుయిత్ ఊరు దాటి కాస్త ముందుకెళ్తే, పచ్చటి కొండ మధ్యలో గడ్డిపోచ కూడా మొలవని బూడిదరంగు రాళ్ళ గుట్టలు, కూలిన గోడలు కనిపిస్తాయి. మొదటిసారి చూసి మా ఆవిడ "ఇంత అందమైన చోట ఈ చెత్తంతా ఎవరు పోశారండీ?" అంది. అది సీసం గనుల్లోంచి తవ్విపోసిన రాయి. గనులు ఆగిపోయి దశాబ్దాలైనా, అందులో మిగిలిన సీసం, జింకు వల్ల అక్కడ ఏదీ సరిగా మొలవదు.

ఆ కొండరాయి సుమారు 43 కోట్ల ఏళ్ళ కిందట లోతైన సముద్రం అడుగున పేరుకున్న బురద, ఇసుక. తర్వాత అది ముడతలు పడి పగిలితే, ఆ పగుళ్ళలోకి వేడినీళ్ళతో పాటు ఖనిజాలు చేరాయి. లోయని ఇంత వెడల్పు చేసింది మంచుయుగపు హిమానీనదాలు.

నాకు అన్నిటికన్నా ఇష్టం పైనున్న కోపా హిల్. 4,000 ఏళ్ళ కిందటే అక్కడ రాగి తవ్వారు. ఇనుము లేని కాలం కదా, బండ పక్కన కట్టెలు పేర్చి మంట పెట్టి, రాయి బీటలువారాక గుండ్రాళ్ళతో కొట్టేవారు. ఆ గుండ్రాళ్ళలో చాలావరకు 20 కిలోమీటర్ల అవతలి సముద్రతీరం నుంచి మోసుకొచ్చినవి! గనిలో ఊరే నీటిని బయటికి పంపడానికి చెక్కదుంగలు తొలిచి కాలవలు చేశారు. బురదలో కూరుకుపోయి ఉండడం వల్ల అవి చెడకుండా దొరికాయి. కొండ కింద బాంక్ టిన్‌డోల్‌లో 2002లో ఒక సమాధి దగ్గర చిన్న బంగారు బిళ్ళ దొరికింది. నాలుగు సెంటీమీటర్లు కూడా ఉండదు, మధ్యలో రెండు చిల్లులు, బట్టకి కుట్టుకునేందుకు కావచ్చు. ఇప్పుడది వేల్స్ నేషనల్ మ్యూజియం సొత్తు.

ఇక జాగ్రత్తలు. సొరంగాల్లోకి అడుగు పెట్టకండి, పిల్లల చెయ్యి వదలకండి. రాళ్ళు ఏరుకోవద్దు. మా వాడు ఓసారి మెరిసే రాయొకటి జేబులో వేసుకున్నాడు. అరచేతిలో పెట్టుకుని చూస్తే సైజుకి మించిన బరువు, సీసపు ఖనిజం! దాన్ని దొరికిన చోటే పెట్టించాను. అది చట్టం కాపాడే పురావస్తు స్థలం, అనుమతి లేకుండా తవ్వినా మెటల్ డిటెక్టర్ వాడినా నేరం. ఏదైనా తినే ముందు చేతులు సబ్బుతో కడిగించండి, ఇంటికొచ్చాక బూట్లు గుమ్మం బయటే విప్పించండి.

దారిలో గొర్రెల గేట్లుంటాయి. మూసి ఉన్నది మూసే, తెరిచి ఉన్నది తెరిచే వదిలి రండి. రైతు ఎదురైతే "బోరె దా" అనండి. వెల్ష్‌లో పొద్దున పూట నమస్కారం అన్నమాట, ఆ ఒక్క మాటకే ఆగి ఎంతో ఆప్యాయంగా మాట్లాడతారు. వాన కోటు మాత్రం మరిచిపోవద్దు.