గాజుల తాకట్టు సంగతి పిల్లవాడికి చెప్పాలా?

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేడేళ్ళు. తిరుపతిలోనే హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. దసరా సెలవులకు వచ్చినప్పుడు కందిపప్పు తెమ్మని అంగడికి పంపితే శనగపప్పు తెచ్చాడు. ఎంతకీ ఉడకకపోతే అప్పుడు చూసుకున్నాను. లెక్కల్లో నూటికి తొంభై దాటే పిల్లవాడు చిల్లర లెక్క చూసుకోకుండా జేబులో వేసుకొచ్చాడు. వచ్చే ఏడాది ఇంజనీరింగుకు చెన్నైకో బెంగళూరుకో వెళ్ళాలి. స్కూటర్ మాత్రం చక్కగా నడుపుతాడు, వాళ్ళ అవ్వను అలిపిరి దాకా దింపి వస్తాడు. మా వారేమో ‘చదువుకోనీ, మిగతావి అవే వస్తాయి’ అంటారు. లోకం ఎంత కష్టమో నేను గంటసేపు చెబితే వాడు ‘సరేనమ్మా’ అని ఫోను తీశాడు. ఇంకో సంగతి. వాడి ఫీజుకు నా గాజులు బ్యాంకులో పెట్టి లక్షన్నర తెచ్చాం. వాడికి తెలియదు. తెలిస్తే చదువు దెబ్బతింటుందేమోనని నా భయం. చెప్పమంటారా?
– ఒక తల్లి, తిరుపతి

జవాబు: చెప్పండి తల్లీ. కాకపోతే అన్నం వడ్డిస్తూ, కళ్ళు ఒత్తుకుంటూ ‘నీ కోసం చేతులు బోసి చేసుకున్నాను’ అని మాత్రం చెప్పకండి. అలా చెబితే వాడికి అప్పు అర్థం కాదు, తానేదో తప్పు చేశానన్న బరువు ఒక్కటే మిగులుతుంది. ఆ బరువుతో చదివిన పిల్లలను నేను చూశాను. ఒక్క పరీక్ష తప్పితే ఇంటికి ఫోను చెయ్యడానికి కూడా జంకుతారు.

ఈసారి వడ్డీ కట్టడానికి వెళ్ళేటప్పుడు వాణ్ణి వెంట తీసుకెళ్ళండి. వరుసలో వాణ్ణే నిలబెట్టండి. తాకట్టు కాగితం వాడి చేతికిచ్చి చదవమనండి. గాజుల మొత్తం బరువెంత, లక్క, రాళ్ళు తీసేస్తే నికర బరువెంత, వడ్డీ ఎంత, గడువు ఎప్పటికి, గడువు దాటితే ఏం చేస్తారు, అన్నీ అందులో ఉంటాయి. తొమ్మిది శాతం వడ్డీ అనుకుంటే లక్షన్నరకు ఏడాదికి 13,500, అంటే నెలకు 1,125 రూపాయలు. ఇది వాడు నోటితో చేసే లెక్క. ఆ 1,125 మీ ఇంట్లో ఏ ఖర్చులోంచి తగ్గుతోందో మీరు చెప్పాలి. అది ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండదు.

చిత్తూరులో ముప్పై ఒక్కేళ్ళు బ్యాంకు కౌంటరు వెనక కూర్చున్నదాన్ని. పద్దెనిమిది నిండగానే మైనరు ఖాతా మీద తల్లిదండ్రుల అధికారం పోతుంది. పిల్లలే వచ్చి, కొత్తగా పత్రాలిచ్చి, సంతకం చెయ్యాలి. వచ్చేవారు, పక్కన నాన్నగారితో. ఫారం నాన్నగారే నింపేవారు. అబ్బాయి ఒకే కాగితం మీద మూడు చోట్ల మూడు రకాల సంతకాలు పెట్టేవాడు. ‘దేనికి సంతకం చేస్తున్నావు బాబూ?’ అని అడిగితే నాన్న ముఖం చూసేవాడు. నేను లోపల నవ్వుకునేదాన్ని.

నా కూతురి విషయంలో ఆ నవ్వు తిరిగొచ్చింది. చదువుకోసం చెన్నైలో ఒక ప్రైవేటు హాస్టల్లో చేరింది. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సు పదివేలు తిరిగివ్వలేదు. నెల ముందుగా రాతపూర్వకంగా చెప్పాలట, చేరిననాటి కాగితంలో ఉందట. ఉంది. చదవకుండానే సంతకం చేసింది. చదివి సంతకం చెయ్యండని రోజుకు ఇరవై మందికి చెప్పిన నేను, ఇంట్లో దానికి కరెంటు బిల్లు కూడా చూపించలేదు. ‘నువ్వెందుకు, నేను చూసుకుంటాలే’ అన్న మాట నాకు పదివేలు పడింది.

అందుకని ఉపన్యాసం మానేసి పని అప్పగించండి. సంక్రాంతి సెలవుల్లో పాల లెక్క, కరెంటు బిల్లు, గ్యాసు సిలిండరు, మూడూ వాడివే. ఒకరోజు కూరగాయల మార్కెట్లో యాభై రూపాయలు ఎక్కువ పెట్టి పుచ్చు వంకాయలు తెస్తాడు. తేనివ్వండి. ఆ పూట వాటినే ఏరి వండండి, మీరు వెళ్ళి మార్చి తేకండి. వంట సంగతికొస్తే అన్నం, చారు, కోడిగుడ్డు చాలు. సంగటి కెలకడం మా అల్లుడికి ఇప్పటికీ రాదు, కాపురం సజావుగానే సాగుతోంది.

వీలైతే అవ్వను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళే పని ఒకసారి వాడికే ఇవ్వండి. చీటీ రాయించడం, పాత రిపోర్టులు వరుసగా పెట్టుకోవడం, డాక్టరు చెప్పింది మరచిపోకుండా ఇంటికి తేవడం. మన వైపువాళ్ళకు ఎప్పుడో ఒకప్పుడు వేలూరు ఆసుపత్రి ప్రయాణం తప్పదు కదా. అక్కడ బోర్డు చదవలేక, తెలియని మనిషిని పిలిచి దారి అడగడం రాక, పాతికేళ్ళ కుర్రాళ్ళు ఫోను పట్టుకుని నిలబడటం నేను చూశాను.

ఇక మీరు కాస్త గర్వంగా రాసిన మాట, ఆ స్కూటరు. అది ఈరోజే ఆపించండి. పదహారేళ్ళకు, పెద్దల అంగీకారంతో, యాభై సీసీ లోపు గేర్లు లేని బండికి మాత్రమే లైసెన్సు ఇస్తారు. మీ ఇంట్లో ఉన్నది అంతకంటే పెద్దదే అయి ఉంటుంది. 2019 చట్ట సవరణ ప్రకారం, మైనరు బండి నడిపి నేరానికి పాల్పడితే తల్లిదండ్రులకో బండి యజమానికో మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను ఏడాదిపాటు రద్దు. పిల్లవాడికి ఇరవై అయిదేళ్ళు నిండేదాకా లైసెన్సు రాదు. కందిపప్పుకు బదులు శనగపప్పు వస్తే మళ్ళీ పొయ్యి మీద పెట్టుకోవచ్చు. అలిపిరి దారిలో వచ్చే బస్సులకు ఎదురుగా, వెనక అవ్వను కూర్చోబెట్టుకున్న పిల్లవాణ్ణి తలచుకుంటే నాకే గుండె దడ. అవ్వ ఆటోలో వెళ్తుంది.

పదిహేడు నిండితే ఓటరు నమోదుకు ముందుగానే ఫారం 6 పెట్టుకోవచ్చు. ఆ ఫారం మీ వారు నింపకూడదు.

ప్రశ్న: నాకు పద్దెనిమిదేళ్ళు. నా బ్యాంకు పాసుపుస్తకం, ఏటీఎం కార్డు, సిమ్ము నెలరోజులు ఇస్తే అయిదు వేలు ఇప్పిస్తానని స్నేహితుడు అంటే ఇచ్చేశాను. ఇప్పుడు భయంగా ఉంది. నాన్నకు తెలిస్తే కోప్పడతారు.
– ఒక విద్యార్థి, చిత్తూరు

జవాబు: బాబూ, ఈ సంచిక వెలువడేదాకా ఆగకుండా నీకు విడిగా కూడా రాశాను. నీ ఖాతాలోకి వచ్చేది ఎవరో మోసపోయిన మనిషి డబ్బు కావచ్చు. పోలీసులు మొదట వెతికేది ఖాతా ఎవరి పేరు మీద ఉందో వాళ్ళనే, నీ స్నేహితుణ్ణి కాదు. వెంటనే బ్యాంకుకు ఫోను చేసి కార్డు ఆపించు, సిమ్మును కంపెనీవాళ్ళతో ఆపించు. సైబరు మోసాల ఫిర్యాదుల నంబరు 1930కి ఫోను చేసి జరిగింది జరిగినట్టు చెప్పు. ఆ అయిదు వేలు అందితే ముట్టుకోకు. బ్యాంకుకు వెళ్ళి రాతపూర్వకంగా ఇచ్చి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకో. నాన్న కోప్పడతారు, పడనీ. రాత్రికే చెప్పు, బ్యాంకుకు ఆయనను వెంట తీసుకెళ్ళు. ఈసారి మాత్రం ఫారం నువ్వే నింపు.