ముందు ఒక గొడవ పట్టుకో

తమ్ముడూ,

ఆర్థిక విషయాల మీద, ప్రభుత్వ విధానాల మీద రాయాలనుంది, ఏం చదవాలో ఏం వినాలో చెప్పమన్నావు. పేర్లు చెప్తాను. అంతకంటే ముందు, ఆర్థికవేత్తలు ఒకరితో ఒకరు పేచీ పడ్డ విషయం ఏదైనా ఒకటి పట్టుకుని, రెండు పక్షాల మాటా మొదట్నుంచీ చివరిదాకా చదవమంటాను. పుస్తకం తర్వాత పుస్తకం చదువుకుంటూ పోతే, చివరగా చదివినదే నిజమనిపిస్తుంది. ఈ రంగంలో కొత్తగా రాసేవాళ్లలో చాలామందికి వచ్చే జబ్బు అదే.

కనీస వేతనం సంగతే చూడు. వేతనం పెంచితే ఉద్యోగాలు పోతాయని పాఠ్యపుస్తకాలు చెప్పేవి. 1992 ఏప్రిల్‌లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం గంటకు 4.25 డాలర్లున్న కనీస వేతనాన్ని 5.05 డాలర్లు చేసింది. పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ ఆ రెండు చోట్లా కలిపి 410 ఫాస్ట్‌ఫుడ్ షాపుల్ని ఎంచుకుని, పెంపుకు ముందొకసారి, తర్వాత ఒకసారి ఫోన్లు చేయించారు. ఫుల్‌టైమ్ వాళ్లెంతమంది, పార్ట్‌టైమ్ వాళ్లెంతమంది అని అడిగించారు. రెండోసారి ఫోన్‌కి దొరకని షాపుల దగ్గరికి మనిషిని పంపారు. మూతపడ్డవాటిని వదిలేస్తే లెక్క చెడుతుంది కదా! న్యూజెర్సీలో ఉద్యోగాలు తగ్గిన జాడ కనపడలేదని 1994లో రాశారు.

ఇక్కడితో ఆగిపోయేవాళ్లే ఎక్కువ. నువ్వు ఆగకు. ఫోన్లో చెప్పిన అంకెల్ని నమ్మలేమని డేవిడ్ న్యూమార్క్, విలియం వాషర్ అభ్యంతరం చెప్పారు. షాపుల జీతాల రికార్డులు తెప్పించి లెక్కేస్తే ఉద్యోగాలు తగ్గాయనే తేలిందన్నారు. కార్డ్, క్రూగర్ ఈసారి ప్రభుత్వ రికార్డులు తీసుకుని, పెద్ద తేడా ఏమీ లేదని మళ్లీ చూపించారు. 2000లో ‘అమెరికన్ ఎకనామిక్ రివ్యూ’ అనే పత్రిక ఆ విమర్శనీ ఈ జవాబునీ ఒకే సంచికలో వేసింది. ఈ మూడు వ్యాసాలూ చదువు. సమీకరణాలు అర్థం కాకపోతే దాటేయ్, కానీ పట్టికల కింద చిన్న అక్షరాల్లో ఉండే వివరణల్ని మాత్రం వదలకు. ఏ షాపుని లెక్కలోకి తీసుకున్నారు, దేన్ని వదిలేశారు అన్నది అక్కడే ఉంటుంది. అసలు తగాదా అంతా దాని మీదే.

అంకెలంటే భయం వద్దు. ప్రభుత్వ అప్పు జీడీపీలో 90 శాతం దాటితే వృద్ధి పడిపోతుందని కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ 2010లో రాసింది ఖర్చులు తగ్గించాలన్న నాయకులకు బాగా పనికొచ్చింది. 2013లో థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి, క్లాసులో ఇచ్చిన పనిగా ఆ లెక్క మళ్లీ చేయబోతే ఎంతకీ కుదరలేదు. వాళ్లనే అడిగి ఎక్సెల్ ఫైలు తెప్పించుకున్నాడు. చూస్తే సగటు తీసిన చోట అయిదు దేశాలు జారిపోయాయి: ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్క్. ఇంగ్లిష్ అక్షర క్రమంలో మొదట వచ్చేవన్న మాట! ఆ ఒక్క పొరపాటే కాదు, కొన్ని సంవత్సరాల్ని వదిలేయడం, సగటులో ఏ దేశానికి ఎంత ప్రాధాన్యం ఇచ్చారన్నది కూడా తేడా తెచ్చాయి. అన్నీ సరిచేస్తే, అప్పు 90 శాతం దాటినప్పుడు సగటున మైనస్ 0.1 శాతం అన్న వృద్ధి 2.2 శాతం అయింది. ఎక్సెల్ తప్పును ఆ ఇద్దరూ ఒప్పుకున్నారు, వాదనను మాత్రం వదులుకోలేదు. ఆ జవాబు కూడా చదవాలి మరి.

పుస్తకాలూ వ్యాసాలూ జంటలుగా చదువు. ఆర్థికవేత్త హయెక్ 1945లో రాసిన ‘ది యూజ్ ఆఫ్ నాలెడ్జ్ ఇన్ సొసైటీ’, ఎవరికీ పూర్తిగా తెలియని సంగతుల్ని ధర ఎలా అందరికీ చేరవేస్తుందో చెప్తుంది. దాని వెంటనే అకర్లాఫ్ 1970 నాటి ‘ది మార్కెట్ ఫర్ లెమన్స్’ చదువు. సెకండ్ హ్యాండ్ కారు అమ్మేవాడికి తెలిసింది కొనేవాడికి తెలియనప్పుడు ఆ ధరే ఎలా మోసం చేస్తుందో అందులో ఉంది. (మూడు పత్రికలు ఆ వ్యాసాన్ని తిప్పి పంపాయి. నీ రాతలు వెనక్కొచ్చినప్పుడు గుర్తు చేసుకో.) ఉమ్మడి ఆస్తిని జనం పాడుచేస్తారన్న గారెట్ హార్డిన్ 1968 వ్యాసం పక్కన ఎలినార్ ఆస్ట్రమ్ 1990లో రాసిన ‘గవర్నింగ్ ది కామన్స్’ పెట్టుకో. చలికాలమంతా మేపగలిగినన్ని ఆవుల్నే కొండ మీది పచ్చికకు తోలాలని స్విట్జర్లాండ్‌లో టోర్బెల్ అనే ఊరు 1517లోనే రాసిపెట్టుకున్న కట్టుబాటు అందులో ఉంది. అమర్త్య సేన్ ‘పావర్టీ అండ్ ఫేమిన్స్’లో మొదట 1943 బెంగాల్ కరువు అధ్యాయం చాలు. దానికీ ప్రతివాదులున్నారు, వెతుక్కో.

వినడానికి ‘ఎకన్‌టాక్’ అనే పాడ్‌కాస్ట్ మంచిది. 2006 నుంచి రస్ రాబర్ట్స్ నడుపుతున్నాడు. ఆయన మార్కెట్ల వైపు మొగ్గే మనిషి, ఆ సంగతి దాచుకోడు కూడా. అందుకని అతిథిని ఏం అడిగాడో వింటూనే, ఏం అడగలేదో కూడా రాసుకో. 2008లో మొదలైన ‘ప్లానెట్ మనీ’ అనే ఇంకో పాడ్‌కాస్ట్ ఎపిసోడ్లు చిన్నవి, కథలా సాగుతాయి. విషయం కంటే చెప్పే తీరు నేర్చుకోవడానికే అవి ఎక్కువ పనికొస్తాయి. చెవిన పడ్డ అంకెను మాత్రం అలాగే రాసేయకు, అది అచ్చులో ఎక్కడుందో చూసి రాయి.

వ్యాసం పూర్తయ్యాక, నువ్వు ఒప్పుకోని పక్షంవాళ్లకి ఎవరికైనా ఒకరికి ముందు చూపించు. తమ వాదన తాము చెప్పినట్టే ఉందని వాళ్లంటే, అప్పుడు నాకు పంపు.

నీ అన్నయ్య