సెప్టెంబరు 30న కనిపించిన పిల్లలు

ప్రశ్న: మన దేశంలో విద్యా ప్రణాళికలు ఆశించిన ఫలితాలను ఇవ్వకపోవడానికి నిధుల కొరతే ప్రధాన కారణమని మా పాఠ్యపుస్తకాల్లో చదువుతున్నాము. నిధులు సమృద్ధిగా కేటాయిస్తే సమస్య తీరిపోతుందా?
– ఒక ఎం.ఎడ్. విద్యార్థిని, గుంటూరు

జవాబు: నిధుల కొరత వాస్తవమే. జాతీయాదాయంలో 6 శాతాన్ని 1986 నాటికి విద్యకు వెచ్చించే స్థాయికి చేరాలని కొఠారీ కమిషన్ 1966లోనే సూచించింది. ఆ తరువాత వచ్చిన 1968, 1986, 2020 జాతీయ విద్యా విధానాలు మూడూ అదే 6 శాతాన్ని తిరిగి రాసుకున్నాయి గాని, దేశం ఇంతవరకు అక్కడికి చేరలేదు. పధ్నాలుగేళ్ల లోపు పిల్లలందరికీ పదేళ్లలో ఉచిత నిర్బంధ విద్య అందించేందుకు కృషి చేయాలని రాజ్యాంగం 1950లో 45వ అధికరణలో చెప్పగా, విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చేసరికి 2010 ఏప్రిల్ అయింది. కనుక మీ పుస్తకం చెప్పింది తప్పు కాదు. అయితే, పిల్లలను ఎప్పుడు, ఎక్కడ లెక్కపెట్టాలన్న దగ్గర దొర్లిన పొరపాటును ఎంత డబ్బు పోసినా సరిదిద్దలేమని నా అభిప్రాయం. అందుకు దృష్టాంతం కోసం మీరు దూరం వెళ్లనక్కరలేదు.

సంక్రాంతికి అటూ ఇటూగా గుంటూరు, పల్నాడు ప్రాంతాల మిరప చేలల్లో కోతలు మొదలవుతాయి. కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల నుంచి, అంటే ఆదోని, కోసిగి వైపు పల్లెల నుంచి, కూలీల కుటుంబాలు తట్టాబుట్టా సర్దుకుని ఇక్కడికి వలస వస్తాయి. ఊళ్లో చూసుకునే పెద్దవాళ్లు లేని ఇళ్లలో పిల్లలనూ వెంటబెట్టుకుని వస్తారు. పదేళ్ల ఆడపిల్ల చేను గట్టున చంటి తమ్ముణ్ణి ఆడిస్తూ కూర్చుంటుంది, కాస్త పెద్దవాడైతే తనూ కాయ కోస్తాడు. ఇక బడుల వివరాలు సేకరించే జాతీయ వ్యవస్థ, అంటే యూడైస్, చాలా ఏళ్లపాటు సెప్టెంబరు 30వ తేదీనే ప్రామాణికంగా పెట్టుకుంది. ఆ తేదీకి ఈ ఆడపిల్ల సొంత ఊరి బడిలోనే ఉంటుంది, హాజరు పట్టీలో పేరూ ఉంటుంది. ఆ అంకె ఆధారంగానే ఆ ఊరికి టీచరు పోస్టులు, పుస్తకాలు, మధ్యాహ్న భోజనం లెక్క తేలుతాయి. జనవరి వచ్చేసరికి పుస్తకాలు అక్కడ, పిల్ల ఇక్కడ. లెక్క అబద్ధం కాదు, ఆ ఒక్క రోజుకు అది అక్షరాలా నిజం.

ఈ సంగతి ప్రణాళిక రాసేవారికి తెలియక కాదు. తల్లిదండ్రులు వలస వెళ్లిన నెలల్లో పిల్లలను సొంత ఊళ్లోనే ఉంచి చదివించే సీజనల్ హాస్టళ్లకు, కేంద్రం, రాష్ట్రం కలిసి నడిపే పాఠశాల విద్యా పథకమైన సమగ్ర శిక్షలో వీలుంది. కానీ ఆ పథకంలో జిల్లా తన వార్షిక ప్రణాళికను తయారుచేసి రాష్ట్రానికి పంపాలి, రాష్ట్రం దానిని ఢిల్లీలోని ఆమోద మండలి ముందు పెట్టాలి, ఆపైన కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్లలో నిధులు విడుదల చేయాలి. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో, బడి జూన్‌లో, మిరపకోత జనవరిలో మొదలవుతాయి. ఈ మూడు క్యాలెండర్లలో బిడ్డ బతుకు నడిచేది మూడోదాని ప్రకారం. నిధులు ఒక్క నెల ఆలస్యమైతే హాస్టలు తెరిచేనాటికి కుటుంబం బండెక్కి ఉంటుంది, ఒకసారి వెళ్లిన పిల్లను వెనక్కి పంపేవారు ఉండరు. పోనీ, గుంటూరు వైపే బడిలో చేరుద్దామా అంటే, బదిలీ పత్రం ఆలస్యమైందన్న కారణంతో ప్రవేశం నిరాకరించకూడదని చట్టంలో స్పష్టంగానే ఉంది. అయినా ఏప్రిల్‌లో వెళ్లిపోయే పిల్ల ఏ ఊరి ప్రణాళికలోనూ తమ పిల్లగా లెక్కకు రాదు.

మీరు పరిశోధన చేయదలచుకుంటే మరొక చిక్కును కూడా గుర్తుంచుకోండి. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలోని 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత గుంటూరు జిల్లా గుంటూరు, పల్నాడు, బాపట్లగా విడిపోయింది. కాబట్టి “గుంటూరు జిల్లాలో నమోదు” అన్న వరుసలో 2021 అంకెను, 2023 అంకెను పక్కపక్కన పెట్టి పెరుగుదల తరుగుదల తేల్చకండి. అవి రెండు వేర్వేరు భూభాగాలు. పైగా 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడడంతో సరిచూసుకునేందుకు 2011 నాటి జనాభాయే ఆధారమైంది.

ప్రశ్న: పిల్లలు తక్కువగా ఉన్నారని మా ప్రాథమిక పాఠశాలలోని తరగతులను మరో బడిలో కలిపారు. అది కిలోమీటరు లోపే ఉందంటున్నారు గాని, మధ్యలో కాలువ ఉంది. ఒకవైపు టీచర్లను నియమిస్తూ, మరొకవైపు బడులను తగ్గించడం ఏమి ప్రణాళిక?
– ఒక తండ్రి, విజయవాడ

జవాబు: బడుల విలీనాన్ని నేను గుడ్డిగా వ్యతిరేకించను. ఒక్క టీచరు ఐదు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టుకున్నప్పుడు జరిగేది పిల్లల కాపలాయే తప్ప చదువు కాదు. పిల్లలు తగ్గుతున్న మాటా నిజమే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో సంతానోత్పత్తి రేటు, అంటే ఒక్కో మహిళకు సగటున పుట్టే పిల్లల సంఖ్య, 1.7, జనాభా నిలకడగా ఉండాలంటే అది 2.1 ఉండాలి. 2025లో మెగా డీఎస్సీ 16,347 పోస్టులకు జరిగింది. అందులో పాతికేళ్ల వయసులో చేరినవారు ఇప్పటి నిబంధన ప్రకారం 62 ఏళ్ల దాకా పనిచేస్తారు, అంటే 2060ల వరకు. బడి అవసరం పదేళ్లలో మారిపోతుంది, ఉద్యోగం దాదాపు నాలుగు దశాబ్దాలు నిలుస్తుంది. అందుకే నియామకమూ విలీనమూ ఒకేసారి జరగడంలో మీకు కనిపించినంత వైరుధ్యం లేదు. ఒకటో తరగతిలో చేరబోయే పిల్ల ఐదేళ్ల ముందే జనన నమోదులో కనిపిస్తుంది గదా, అప్పుడే చూసుకోకుండా బడి ఖాళీ అయ్యాక మేలుకోవడమే నా దృష్టిలో అసలు లోపం.

దూరం విషయంలో మాత్రం న్యాయం మీ వైపే ఉంది. పటం మీద వృత్తం గీసి కొలిచే కిలోమీటరుకు బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ, రైలు పట్టాలు ఏవీ అడ్డు రావు. ఆరేళ్ల పిల్లవాడికి అవన్నీ అడ్డే. విద్యాహక్కు చట్టం 22వ సెక్షన్ ప్రకారం పాఠశాల అభివృద్ధి ప్రణాళికను రూపొందించే బాధ్యత తల్లిదండ్రులు అధికసంఖ్యలో ఉండే యాజమాన్య కమిటీది. ఇంటి గుమ్మం నుంచి వంతెన మీదుగా కొత్త బడి గేటు దాకా నడిచే దారిని మరో నలుగురు తల్లిదండ్రులతో కలిసి కొలిచి, పిల్లవాడి నడకకు పట్టే నిమిషాలతో సహా రాసి, ఆర్థిక సంవత్సరం ముగియకముందే ఆ ప్రణాళికకు జతచేయించండి.