మహేంద్రగిరి, జౌగడ ఒక్క రోజులో చూడొచ్చా? పర్లాకిమిడి వాడిగా నా జవాబు

మీరు అడిగినవి మూడు. మీరు నలుగురు విశాఖ నుంచి రెండు రోజుల సెలవులో వస్తే మహేంద్రగిరి కొండ, అశోకుడి శాసనాలున్న జౌగడ రెండూ ఒకే రోజులో అవుతాయా, కారు కొండ పైదాకా వెళ్తుందా, మోకాళ్ళ నొప్పులున్న అమ్మగారిని తీసుకురావచ్చా. మాది ఒడిశాలోని పర్లాకిమిడి, మహేంద్రగిరిని చిన్నప్పటి నుంచి చూస్తున్నాను, ఇప్పటికీ చలికాలం వస్తే ఎక్కకుండా ఉండలేను, కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

ఒక్క రోజులో రెండూ పెట్టుకోకండి. ఎలాగో చుట్టేయొచ్చు గానీ అప్పుడు రోడ్డు తప్ప ఏమీ చూడరు. మహేంద్రగిరికి ఒక రోజు పూర్తిగా ఇచ్చేయండి.

కారు సంగతి. రోడ్డు ఇప్పుడు చాలా పైదాకా ఉంది. అయితే నా మాట వింటే మీ నలుగురిలో నడవగలిగినవాళ్ళు కింద దిగిపోయి చివరి కొన్ని కిలోమీటర్లైనా నడవండి. కొండ ఎత్తు 1,501 మీటర్లు, ఒడిశాలోని ఎత్తైన కొండల్లో ఇదొకటి. కింద అడవి దట్టంగా ఉంటుంది, పైకి పోయేకొద్దీ చెట్లు పొట్టివైపోయి గడ్డి మొదలవుతుంది, ఆ గడ్డి మధ్యలో బండ బయటపడుతుంది. ఎండకీ వానకీ పగుళ్ళు విచ్చి పలకల్లా విడిపోయిన బండలు. కారులో వెళ్ళేవాళ్ళకి ఇది కిటికీ పక్కన పోయే రాయి అంతే. నడిచి, రెండు మూడు చోట్ల ఆ పలకల మీద కూర్చుని లేచి వెళ్ళినవాళ్ళకి మాత్రం పైన భీముడి గుడి కనబడగానే, ఇంత పెద్ద రాళ్ళు ఎక్కడి నుంచి తెచ్చారు అన్న ప్రశ్నకి జవాబు కొంతైనా కాళ్ళ కిందే దొరికినట్టు ఉంటుంది.

పైన మూడు గుళ్ళు చూడాలి. కుంతి గుడి దిగువన, ధర్మరాజు గుడి దానికి పైన, భీముడి గుడి అన్నిటికన్నా ఎత్తున. కుంతి గుడిలోనే గోకర్ణేశ్వరుడు, పూజలు, శివరాత్రి జాతర, జనం అంతా అక్కడే. దణ్ణం పెట్టుకుని నాలుగు ఫోటోలు తీసుకుని అక్కడి నుంచే తిరిగిపోయేవాళ్ళు ఎంతమందో, నాకు నిజంగా బాధనిపించేది అదే. భీముడి గుడి దాకా వెళ్ళండి. చిన్న గుడి, శిల్పాలేమీ పెద్దగా ఉండవు, కానీ ఒక్కో రాయి ఎంత ఉందో దగ్గరికి వెళ్ళి చూడండి, కొద్ది వరసలకే గోడ అయిపోతుంది. గోడ పక్కన నిలబడి రాయికీ రాయికీ మధ్య ఉన్న సందు వెంబడి కళ్ళు పోనివ్వండి. రాతి మీద బూడిద రంగు, నారింజ రంగు మచ్చలుంటాయి, అది ఎవరో పూసిన రంగు కాదు, రాతిని పట్టుకుని బతికే జీవం, దాన్ని గోకి పేర్లు రాయకండి. ఈ మాట ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే అక్కడ పేర్లు గోకిన రాళ్ళు చూశాను.

ఈ కొండ మీద రాజేంద్ర చోళుడి కాలం నాటి శాసనం ఉంది, 11వ శతాబ్దంది, సంస్కృతంలోనూ తమిళంలోనూ. కొండ మీద జయస్తంభం నిలిపినట్టు అందులో చెప్పారు, పక్కన చోళుల పులి, రెండు చేపలు చెక్కారు. తంజావూరు ఎక్కడ, ఇదెక్కడ! అసలు ఈ శిఖరం ఎందుకంత ముఖ్యమంటే, కళింగను ఏలిన తూర్పు గాంగుల వంశానికి కులదైవం ఈ గోకర్ణస్వామే, అంటే కుంతి గుడిలోని గోకర్ణేశ్వరుడే. వాళ్ళ రాగి శాసనాల మొదట్లోనే మహేంద్రగిరి శిఖరం మీద వెలసిన గోకర్ణస్వామి పేరు వస్తుంది. తర్వాత పూరీ జగన్నాథుడి గుడి, కోణార్క కట్టించింది ఆ వంశమే. టైముంటే తిరుగు ప్రయాణంలో శ్రీముఖలింగం ఆగండి, వాళ్ళ పాత రాజధాని కళింగనగరం అదేనని ఎక్కువమంది చరిత్రకారులు అంటారు, మీ దారికి పెద్ద దూరం కూడా కాదు.

జౌగడ రెండో రోజు. గంజాం జిల్లాలో, బరంపురానికి సుమారు 35 కిలోమీటర్లు, పురుషోత్తంపూర్ దగ్గర, రుషికుల్య ఒడ్డు ప్రాంతం. ఎక్కడం పెద్దగా ఉండదు. బండ మీద అశోకుడి శాసనాలు, బ్రాహ్మీ లిపిలో. వెళ్ళే ముందు ఒక్క విషయం తెలుసుకుని వెళ్ళండి, అప్పుడే ఆ బండ విలువ తెలుస్తుంది. కళింగ యుద్ధంలో లక్షమంది చనిపోయారని, లక్షన్నర మందిని చెరపట్టారని అశోకుడు చెప్పుకున్న 13వ శాసనం (ఆయన బండ శాసనాలు వరసగా పద్నాలుగు) ఇక్కడ లేదు. 11, 12, 13 మూడూ వదిలేసి, వాటి బదులు ఈ ప్రాంతపు అధికారులకి విడిగా రెండు ఆజ్ఞలు చెక్కించాడు. ప్రజలందరూ నా బిడ్డలే అన్న మాట వాటిలోదే. దెబ్బ తిన్నవాళ్ళ ఊళ్ళో ఆ లెక్క చదివించకూడదని అనుకున్నాడేమో అని నాకు అనిపిస్తుంది. భువనేశ్వర్ దగ్గరి ధౌలి బండ మీద కూడా ఇలాగే చేశారు.

వెళ్ళే కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి. వానాకాలంలో పచ్చగా బాగుంటుందని ఎవరైనా చెప్తే వినకండి. పైన చెట్టూ చేమా లేని బండ మీద మీరే ఎత్తైన వస్తువు, పిడుగు పడే చోటు అది. మబ్బు కమ్మిందంటే పది అడుగుల దూరంలో మనిషి కనబడడు. చలికాలంలోనూ స్వెటర్ కావాలి, నీళ్ళు, తిండి కిందనే కట్టించుకోండి, ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. దారిలో సవర ఊళ్ళు వస్తాయి, ఇళ్ళనీ మనుషుల్నీ అడక్కుండా ఫోటో తీయకండి. తెలుగు అర్థం చేసుకునేవాళ్ళు దొరుకుతారు, నాలుగు ఒడియా ముక్కలు వస్తే ఇంకా సులువు. దారి తెలిసిన కుర్రాణ్ణి ఒకణ్ణి వెంటబెట్టుకోండి, అతని రోజు కూలి ముందే మాట్లాడుకుని ఇవ్వండి.

అమ్మగారిని తప్పకుండా తీసుకురండి. కారు వెళ్ళినంత దూరం కారులోనే, ఆ పైన చెయ్యి పట్టుకుని నెమ్మదిగా కుంతి గుడి దాకా. భీముడి గుడికి ఆవిడని ఎక్కించొద్దు, ఒకళ్ళు ఆవిడ దగ్గర ఉండి మిగతావాళ్ళు వెళ్ళిరండి. శివరాత్రికి మాత్రం ఆవిడతో వద్దు, ఆ రోజు మందస వైపు నుంచి కూడా జనం నడిచి వస్తారు, ఆ రద్దీలో కూర్చోడానికి చోటు దొరకదు. మధ్యాహ్నం మూడింటికల్లా దిగడం మొదలుపెడితే మలుపుల దారిలో వెలుతురుండగానే కిందికి చేరతారు.