పొలం గట్టున కరెంటు తీగ: ఊరివాళ్లు చట్టప్రకారం ఏం చేయొచ్చు?

ప్రశ్న: మాది మంచిర్యాల జిల్లాలో అడవిని ఆనుకున్న ఊరు. అడవి పందుల కోసమని కొందరు రాత్రిళ్లు గట్ల వెంట బైండింగ్ వైరు కట్టి, లైనుకు కొక్కెం తగిలించి కరెంటు వదులుతున్నారు. పోయిన నెల ఒక చుక్కల దుప్పి పడితే మాంసం పంచుకున్నారు. మేం ఏడుగురం కలిసి దీన్ని ఆపాలనుకుంటున్నాం. తీగలు మేమే తీసేయవచ్చా? ఎవరికి చెప్పాలి? మా పేర్లు బయటికొస్తాయా? పంట పోతోందని రైతులు అనేది కూడా అబద్ధం కాదు. – ఒక పాఠకుడు

సమాధానం: ముందు తీగ సంగతి. దాన్ని మీరు ముట్టుకోవద్దు, కర్రతో కూడా. తడి నేలలో తీగ తగలకపోయినా, దగ్గరగా అడుగు వేస్తేనే షాక్ కొట్టవచ్చు. రబ్బరు చెప్పుల మీద భరోసా పెట్టుకోవద్దు. ప్రాణాల మాట అలా ఉంచితే, మీరు తీగ చుట్టేసి ఇంటికి తెచ్చిన మరుక్షణం కేసుకు ఆధారం పోతుంది. ఆ తీగ మీ ఇంట్లో దొరికితే మీరే జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

వెంటనే 1912కు, లేదా మీ లైన్‌మన్‌కు ఫోన్ చేసి ఆ లైనులో సరఫరా ఆపించండి. స్తంభం మీద రంగుతో రాసిన నంబరు, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న చోటు చెబితే వాళ్లు తిన్నగా వస్తారు. ఆ తర్వాత అటవీ శాఖ బీట్ ఆఫీసర్‌కు, రేంజ్ ఆఫీసర్‌కు చెప్పండి. రాత్రివేళ ఎవరూ ఫోన్ ఎత్తకపోతే 112. ఫోన్‌లో చెప్పిందే తెల్లారాక కాగితం మీద పెట్టి, రేంజ్ ఆఫీసులో ఇచ్చి, నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ఇలాంటి కేసులు ఎక్కువగా వీగిపోయేది ఇక్కడే. ఫోన్‌లో చెప్పామనడానికి సాక్ష్యం ఉండదు, అధికారులు వచ్చేసరికి తీగ ఉండదు.

ఆ కాగితంలో సర్వే నంబరు, ఫోన్‌లో తీసిన లొకేషన్, చూసిన తేదీ, గంట, కొక్కెం తగిలించిన స్తంభం నంబరు, తీగ సుమారు ఎన్ని మీటర్లు ఉందో రాయండి. కళ్లారా చూసింది ఒక పేరాలో, ఎవరో చెప్పగా విన్నది మరో పేరాలో వేరు చేయండి. ఫొటో దారి మీద నుంచే తీయండి. అసలు ఫైలును ఫోన్‌లోంచి చెరిపేయకండి, వాట్సాప్‌లో పంపుకున్న నకలు మీదే ఆధారపడకండి. కోర్టులో ఫొటో నిలవాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి. దానికి ఆ ఫొటో తీసిన ఫోన్ ఉండాలి.

చట్టం ఏమంటుందో చూద్దాం. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో ‘వేట’ అంటే చంపడం ఒక్కటే కాదు. ఉచ్చు పెట్టడం, బోను పన్నడం, విషం పెట్టడం, వీటికి ప్రయత్నించడం కూడా వేటే. కాబట్టి తీగ మీద ఏ జంతువూ పడకపోయినా నేరం జరిగినట్టే. అడవి పంది కోసమే పెట్టామంటే మాఫీ లేదు. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక అడవి పంది, చుక్కల దుప్పి రెండూ రెండో షెడ్యూలులో, అంటే ఆ చట్టానికి జతచేసిన జంతువుల రెండో జాబితాలో, ఉన్నాయి. వీటి వేటకు మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అదే తీగకు చిరుతపులో ఎలుగుబంటో పడితే అది మొదటి షెడ్యూలు జంతువు కనుక శిక్ష మూడేళ్లకు తగ్గదు, ఏడేళ్ల దాకా పడవచ్చు. జరిమానా రూ. 25 వేలకు తగ్గదు. పంది కోసం కట్టిన తీగకు పంది, పులి, మనిషి తేడా తెలియదు. మీ ప్రాంతంలో పులులు తిరుగుతాయి కనుక ఈ మాట ఊరిలో గట్టిగా చెప్పండి.

మాంసం పంచుకున్న విషయం కూడా చిన్నదేం కాదు. వేటాడినా, చచ్చి దొరికినా అడవి జంతువు అదే చట్టం 39వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ఆస్తి. అది ఎవరి చేతికి వచ్చినా 48 గంటల్లో పోలీస్ స్టేషన్‌లోనో, అధీకృత అధికారికో చెప్పాలి. ఇకముందు కళేబరం కనబడితే దాన్ని కదిలించకండి, ఎవరినీ కదిలించనివ్వకండి. పశువైద్యుడి పోస్టుమార్టంలో షాక్ కొట్టిన కాలిన గాయమే అసలు సాక్ష్యం. మాంసం ముక్కో, చర్మమో మిగిలినా ఏ జంతువుదో హైదరాబాద్‌లో జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ల్యాబ్ డీఎన్‌ఏ పరీక్షతో తేలుస్తుంది.

కరెంటు వాడకానికి వేరే కేసు ఉంది. లైనుకు కొక్కెం వేయడం విద్యుత్ చట్టం, 2003లోని 135వ సెక్షన్ కింద చౌర్యం. సొంత మోటారు కనెక్షన్ నుంచి లాగినా, ఇచ్చిన అవసరానికి కాక మరోదానికి వాడినట్టే. మనిషి చనిపోతే కేసు భారతీయ న్యాయ సంహిత 105వ సెక్షన్, అంటే హత్య కిందికి రాని నరహత్య, దాకా వెళ్తుంది. ప్రాణం పోతుందని తెలిసీ తీగ కట్టారన్నది ఆ కేసుకు ఆధారం.

పోలీసులు ఎఫ్‌ఐఆర్ వేసినా సంతోషించి ఊరుకోకండి. వన్యప్రాణి చట్టం కింద కేసును కోర్టు స్వీకరించాలంటే 55వ సెక్షన్ ప్రకారం అధీకృత అధికారి స్వయంగా ఫిర్యాదు దాఖలు చేయాలి. పోలీసు ఛార్జిషీటు ఒక్కటే ఉంటే ఆ సెక్షన్లు అక్కడే రాలిపోతాయి. అందుకే అటవీ శాఖ పీఓఆర్, అంటే ప్రాథమిక నేర నివేదిక, నమోదు చేసిందా అని అడిగి నంబరు తీసుకోండి. నెల గడిచినా కదలిక లేకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు రావాలి. అప్పటికీ కదలకపోతే అదే 55వ సెక్షన్ మామూలు పౌరుడికీ దారి ఇచ్చింది: ప్రభుత్వానికి 60 రోజులకు తగ్గని నోటీసు రసీదు ఉండేలా పోస్టులో పంపి, గడువు తీరాక మేజిస్ట్రేటు దగ్గర మీరే ఫిర్యాదు వేయవచ్చు. నోటీసుకు నిర్ణీత ఫారం ఉంది. దాన్ని న్యాయవాదితో నింపించండి.

పేర్ల సంగతి నేరుగా చెబుతాను. సమాచారం మాత్రమే ఇస్తే గోప్యత అడగవచ్చు. సమాచారం ఇచ్చింది ఎవరో బయటపెట్టే వివరాలను ఇవ్వకుండా ఉండటానికి సమాచార హక్కు చట్టం 8(1)(జి) వీలిస్తుంది. పంచనామాలో సంతకం పెడితే, సాక్షిగా నిలబడితే మాత్రం పేరు దాగదు. ఏడుగురిలో ఎవరు సమాచారం ఇస్తారు, ఎవరు సాక్షిగా వస్తారు అన్నది ముందే తేల్చుకోండి. నిందితుడి ఫొటో పెట్టి ‘వేటగాడు’ అని ఫేస్‌బుక్‌లో వేయకండి. పరువు నష్టం కేసు మీ మీదకు వస్తుంది, తీగలు కట్టేవాళ్లు ముందే జాగ్రత్తపడతారు. రిజర్వు అడవిలోకి, పట్టా భూముల్లోకి అనుమతి లేకుండా రాత్రి గస్తీ తిరగడమూ వద్దు. బీట్ సిబ్బందితో కలిసే వెళ్లండి.

ఇక రైతు బాధ. అది నిజమైనది, దానికి చట్టంలో చోటుంది. పంటకు ముప్పుగా మారిన రెండో షెడ్యూలు జంతువును చంపేందుకు వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి లిఖితపూర్వకంగా అనుమతించవచ్చు. ఆ కాగితం లేకుండా చేస్తే అది వేటే. పంట నష్టం జరిగిన రోజే, గిట్టల గుర్తులు, తొక్కిన మొక్కలు చెరిగిపోకముందే ఫొటోలు తీసి, పట్టాదారు పాసుపుస్తకం నకలుతో రేంజ్ ఆఫీసులో పరిహారం కోసం దరఖాస్తు ఇవ్వాలి. ఆలస్యమైతే పంచనామాకు చూపడానికి ఏమీ మిగలదు. మీ ఏడుగురూ ముందు ఈ దరఖాస్తులు రాసిపెట్టండి. అప్పుడు తీగ కట్టే రైతు కూడా మీ మాట వింటాడు.

సోలార్ కంచె వేరు. బ్యాటరీతో నడిచే ఎనర్జైజర్, అంటే కంచెకు షాక్ పంపే పెట్టె, సెకనుకు సుమారు ఒక్కసారి, రెప్పపాటు మాత్రమే షాక్ ఇస్తుంది. జంతువు బెదిరి వెళ్తుంది. ఆ కంచెకే ఎవరైనా ఎనర్జైజర్ తీసేసి 230 వోల్టుల ఇంటి కరెంటు కలిపితే అది కూడా మీరు రాసిన తీగ లాంటిదే. అది కనబడిన రోజు కూడా ముందు 1912కే ఫోన్ చేయండి.