మెకానికల్ చదువుతూ భవనాల ఎనర్జీలో రీసెర్చ్ అంటున్నాడు

ప్రశ్న: మాది జమ్మికుంట. మా బాబు వరంగల్‌లో బీటెక్ మెకానికల్ మూడో సంవత్సరం. ఇళ్లకు, పట్టణాలకు కరెంటు తక్కువ ఖర్చయ్యేలా చేసే పరిశోధన వైపు పోతానంటున్నాడు. చుట్టాలేమో సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్పించమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మే నెలలో రాత్రి తొమ్మిదింటికి మీ స్లాబు కింద ఫ్యాన్ వేసి చూడండి, వేడిగాలే కొడుతుంది. పగలంతా ఎండ తాగిన కాంక్రీటు పొద్దుగూకాక ఆ వేడిని గదిలోకి వదులుతుంది. తట్టుకోలేక ఏసీ పెడతాం. అది లోపలి వేడిని తీసి వీధిలోకి తోస్తుంది. వీధి వీధంతా ఏసీలు పెడితే ఊరే వేడెక్కుతుంది. మీ బాబు పట్టుకున్నది ఈ చిక్కునే. హీట్ ట్రాన్స్‌ఫర్, రిఫ్రిజిరేషన్ అతను ఎలాగూ చదివేవే కాబట్టి బ్రాంచి మారాల్సిన పని లేదు.

ఎనర్జీ అనగానే మనకు రామగుండమే గుర్తొస్తుంది. అక్కడ బొగ్గు కరెంటుతో పాటు 2022లో నీళ్ల మీద తేలే 100 మెగావాట్ల సోలార్ కూడా పూర్తయింది. కానీ తయారైన కరెంటు ఇంట్లో వృథా కాకుండా చూడడం కూడా అంతే పెద్ద పని. పెద్ద వాణిజ్య భవనాలకు 2007లో, ఇళ్లకు 2018లో కేంద్రం ఎనర్జీ నిబంధనలు తెచ్చింది. 2023లో మన రాష్ట్రం కూల్ రూఫ్ పాలసీ, అంటే ఎండ వేడిని తక్కువ పీల్చే పైకప్పుల విధానం, ప్రకటించింది. వీటి ప్రకారం లెక్కలు కట్టేవాళ్లు కావాలి.

ఒక్క మాట దాచకుండా చెబుతాను. మొదటి రెండు మూడేళ్లు జీతం సాఫ్ట్‌వేర్ వాళ్లంత ఉండకపోవచ్చు. అయితే చదువు ఖర్చు గురించి అంత టెన్షన్ వద్దు. గేట్ అనే ప్రవేశ పరీక్ష స్కోరుతో ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది. పీహెచ్‌డీలో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ దొరికితే మొదట నెలకు 37,000. గేట్ మూడో సంవత్సరం వాళ్లూ రాయొచ్చు. ఐఐటీ బాంబేలో ఎనర్జీకి ప్రత్యేక విభాగం ఉంది, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో భవనాల మీదే పరిశోధన జరుగుతుంది. నేనైతే నేరుగా పీహెచ్‌డీ కాకుండా ఎంటెక్ చేయమంటాను.

చుట్టాల మాటా పూర్తిగా తీసేయకండి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవాల్సిందే. భవనం ఎంత కరెంటు లాగుతుందో లెక్కగట్టే ఎనర్జీప్లస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, దాన్నీ ఇప్పుడే మొదలుపెట్టమనండి.

ఈ ఎండాకాలం సెలవుల్లో ఒక పని చేయించండి. మీ డాబా సగానికి తెల్ల సున్నం కొట్టించి, రెండు సగాల కింద సీలింగుకు చెరో థర్మామీటరు కట్టించండి. వారం రోజులు గంటగంటకూ నోట్‌బుక్‌లో రాయమనండి. అంకెలు చూసి 'రాత్రి పదింటికి తేడా ఇంతే ఎందుకుంది?' అని తనంతట తనే తవ్వుకుంటూ పోతే ఇక అడ్డు చెప్పకండి. మూడో రోజుకే విసుగొస్తే ఆ నోట్‌బుక్ తీసుకుని ఇద్దరూ ఒకసారి హన్మకొండ రండి, కూర్చుని మాట్లాడదాం.